తీవ్ర మానసిక రుగ్మతలు – ఆసుపత్రి పునరావాసం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నేటి తెలుగులో ‘పునరావాసం’ అనే మాట ప్రధానంగా రెండు సందర్భాలలో వినిపిస్తుంది. ప్రాజెక్టుల కింద ఊళ్లు కోల్పోయినవారికి మరోచోట నివాసం కల్పించడం ఒకటి. వ్యాధి వల్లనో వైకల్యం వల్లనో బ్రతుకు చెదిరినవారిని తిరిగి నిలబెట్టడం రెండవది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు మొదటి అర్థం అనుభవంలో ఉన్నదే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి తీవ్ర మానసిక రుగ్మతలున్నవారికి ఆసుపత్రిలో ఉంచి అందించే పునరావాసాన్ని ఆ అనుభవం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. చికిత్సకూ పునరావాసానికీ భేదం

లేని గొంతులు వినిపించడం, అకారణ అనుమానం, ఉద్రేకం వంటి లక్షణాలు చాలామందిలో మందులతో కొన్ని వారాలలో తగ్గుముఖం పడతాయి. నిరాసక్తత, మాట తగ్గిపోవడం, పనికి పూనుకోలేకపోవడం మాత్రం చాలాకాలం మిగిలిపోవచ్చు. రుగ్మతలో భాగమైన ఈ స్థితినే ఇల్లూ ఊరూ సోమరితనంగా లెక్కిస్తాయి. పునరావాసం మొదలుకావలసింది ఇక్కడే. వేళకు నిద్ర, స్నానం, వంట, డబ్బు లెక్క, ఒంటరిగా బస్సు ప్రయాణం, మందులు తానే వేసుకోవడం, రుగ్మత తిరగబెట్టే ముందు కనిపించే సూచనలను గుర్తించడం ఇందులోని అభ్యాసాలు. ఏళ్ల తరబడి కాపలా కాసి అలసిన కుటుంబానికి కూడా ఈ వ్యవధి ఊరటనిస్తుంది. కనుక ఆసుపత్రి పునరావాసాన్ని పూర్తిగా నిరాకరించడం సమంజసం కాదు.

అయితే ఒకచోట నేర్చిన నైపుణ్యం మరోచోటికి దానంతటదే బదిలీ కాదు. గద్వాల నేత కుటుంబంలోని వ్యక్తికి నగరంలో కొవ్వొత్తుల తయారీ నేర్పితే అది శిక్షణగా నమోదవుతుంది. ఇంటికి చేరాక ఆ పనికి చోటుండదు. కండెలు చుట్టడం, వేరుశనగ కాయలు ఒలవడం, విత్తన పత్తి చేలలో తేలికపాటి పనులు శిక్షణలో భాగమైతే ఇంటివారు అతనికి రేపటి పని అప్పగించగలరు.

3. చట్టపాఠం: హక్కూ గడువూ

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సామాజిక చికిత్స ప్రయత్నించి విఫలమైన తరువాతనే, చివరి మార్గంగా, వీలైనంత తక్కువ కాలానికి దీర్ఘకాలిక సంరక్షణను వాడాలని 18వ సెక్షన్ నిర్దేశిస్తుంది. కుటుంబం లేదనో, ఆదరించడం లేదనో, బయట సదుపాయాలు లేవనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచరాదని 19వ సెక్షన్ చెబుతుంది. ఆసుపత్రికీ ఇంటికీ నడుమ మజిలీ వంటి గృహాలు, సామూహిక గృహాలు ఏర్పరచే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచినది కూడా ఇదే సెక్షన్. కాని ఆ బాధ్యతకు ‘సహేతుకమైన వ్యవధి’ అనే తప్ప తేదీ లేదు. హక్కు తక్షణమైనది, దానిని నిలబెట్టవలసిన ఏర్పాటు గడువు లేనిది. ఈ ఎడమే చట్టపాఠంలోని ప్రధాన లోపం.

గణాంకాలలోనూ ఖాళీ ఉంది. నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలలో జరిగింది. వాటిలో తెలంగాణగాని ఆంధ్రప్రదేశ్‌గాని లేవు.

4. ముంపు నేర్పిన పాఠం

శ్రీశైలం జలాశయం కోసం 1981లో అలంపూర్, కొల్లాపూర్ ప్రాంతాల నదీతీర గ్రామాలను ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో తిరిగి నిర్మించారు. శిల్పం మళ్లీ నిలిచింది. నిర్వాసితుల విషయంలో అది సాధ్యపడలేదు. వారి కుటుంబాలకు ఉద్యోగాల కోసం వెలువడిన 98వ నంబరు ఉత్తర్వు అమలుకు దశాబ్దాలపాటు ఆందోళనలు సాగాయి. చోటు చూపడంతోనే పునరావాసం పూర్తికాదని, పనీ ఇరుగుపొరుగూ తిరిగి కుదరాలని ఆ చరిత్ర చెబుతుంది. మంచం చూపి పునరావాసం అనడంలోనూ ఇదే పొరపాటు ఉంది.

పాలమూరు వలస ఈ సమస్యను మరింత జటిలం చేస్తుంది. ఇంటి పెద్దలు నెలల తరబడి పనులకై వెళ్లే కుటుంబంలో మందులు గుర్తుచేసేదెవరు? ఆసుపత్రి నుండి పంపేముందు రోగితో, కుటుంబంతో సంప్రదించి తదుపరి సంరక్షణకు ప్రణాళిక వేయాలని చట్టంలోని 98వ సెక్షన్ కోరుతుంది. ఇక్కడ ఆ ప్రణాళిక వలస నెలలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. ముగింపు

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ వరకు పోనవసరం లేకుండా ఇంటికి దగ్గరలో స్వల్పకాలిక పునరావాసం కల్పించడానికి ఇవి ఆధారం కాగలవు. ఆ తరువాతి అనుసరణకు పొరుగు నమూనా ఉంది. 1980లలో నిమ్హాన్స్ బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణనిచ్చి మానసిక చికిత్సను గ్రామాల చెంతకు చేర్చింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే ప్రాతిపదిక అయింది. ఈ మూడు జిల్లాలలో ఆసుపత్రి పునరావాసం విలువను మంచాల సంఖ్యతో కొలవడం చాలదు. ఇంటికి తిరిగి వెళ్లిన వ్యక్తి ఏడాది తరువాత ఎక్కడ ఉన్నాడు, ఏ పనిలో ఉన్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు అన్నవే అసలు కొలమానాలు.