చెక్కను పడనీ

మిద్దె మీద పదిమంది వరసగా గొంతుక్కూర్చున్నారు. నలుగురు ఆ ఊరి ఆడవాళ్ళు. ఆరుగురు అమెరికా నుంచి రెండు వారాల సేవకని వచ్చిన చర్చి పిల్లలు. ఒక్కొక్కరి చేతిలో పొట్టి పిడి ఉన్న చెక్క. మదనపల్లె దగ్గర ఓ పాత మిషన్ హాస్టల్లో ఒక గది పైకప్పు విప్పి మళ్ళీ కడుతున్నారు. చూసిపోదామని వెళ్ళినవాణ్ణి, ఆ రెండు వారాల్లో మరో నాలుగుసార్లు వెళ్ళాను.

2022 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్న ఈ మదనపల్లె పక్కనే 1915లో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం మొదలైంది. అంతకు చాలా ముందే, 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాటు మిషన్ ఈ చుట్టుపక్కలకు వచ్చింది. బళ్ళూ ఆస్పత్రులూ దొరలు కట్టించారని చెప్పుకుంటాం. కట్టించింది వాళ్ళే, కట్టింది మాత్రం మన బేల్దార్లు.

ఈ హాస్టల్ పైకప్పులాంటి కట్టడాన్ని మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దంతెలు వరసగా పరుస్తారు. వాటి మీద అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, సున్నంతో అతికిస్తూ ఐమూలగా పేరుస్తారు. ఐమూలగా ఎందుకో మేస్త్రీ పని చూస్తే గానీ నాకు అర్థం కాలేదు. గది మూలలో మొదటి వరస రెండు మూడు ఇటుకలే. తరవాతి వరస దానికి ఆనుకుంటుంది. ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ ఇటుకలు ఎదుటి మూల దాకా నడిచిపోతాయి. కింద సెంట్రింగ్ చెక్క ఒక్కటి కూడా ఉండదు. మేస్త్రీ ఇటుకను నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, సున్నం రాసి, పక్కదానికేసి ఒక్క నొక్కు నొక్కి అయిదారు అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టుకుని వదిలేస్తాడు. అది నిలుస్తుంది. అరవై దాటిన ఆ వేళ్ళు ఆ లెక్కలో పొరపడటం నేను చూడలేదు.

ఇటుకల మీద ఇటుకముక్కల సున్నం కాంక్రీటు పోసి, అణిగాక మూడంగుళాలు మిగిలేట్టు కొడతారు. కరక్కాయలు నానేసిన నీళ్ళలో బెల్లం కలిపి, ఆ నీళ్ళు చిలకరిస్తూ కొట్టాలి. సిమెంటు నీళ్ళతో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. అందుకే తొందరపెట్టి చేయించే పని కాదిది. ఈ సున్నాన్ని నెల ముందే గుంటలో తడిపి మాగబెట్టాడు మేస్త్రీ. అంటే చర్చి పిల్లలు విమానం ఎక్కకముందే పనిలో ముఖ్యమైన భాగం అయిపోయింది.

గతంలో ఎవరో కాంట్రాక్టరు ఇదే కప్పు మీద కారుడు ఆపడానికి సిమెంటు పూత పూసి పోయాడట. పైనుంచి చూస్తే బాగానే ఉంది. లోపలికి దిగిన తడి బయటికి రాలేక దంతెల్లోకి ఇంకి, కొసలు పుచ్చిపోయాయి. విప్పినప్పుడు చేత్తో నలిపితే పొడిగా రాలిన ఆ టేకును నేనూ పట్టుకు చూశాను.

నిజం చెప్పాలంటే, మొదటి రోజు నాకు కొంచెం చిరాకే వేసింది. ఆరుగురి టిక్కెట్ల డబ్బు ఈ మేస్త్రీ చేతిలో పెడితే ఇంకో నాలుగు గదులు బాగయ్యేవి కదా అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. రెండో రోజు బలంగా ఉన్న ఓ కుర్రాడు చెక్కను ఎత్తెత్తి కొట్టి కింది ఇటుకలు రెండు పగలగొట్టాడు. మేస్త్రీ కోప్పడలేదు. వాడి మణికట్టు కింద తన చెయ్యి పెట్టి, "కొట్టొద్దు నాయనా, చెక్కను పడనీ" అన్నాడు. భాష తెలియకపోయినా వాడికి అర్థమైంది. ఆ జానెడు మేర విప్పి మళ్ళీ పేర్చారు.

ఇలా నేర్చుకున్నవాళ్ళలో పెద్దవాళ్ళూ ఉన్నారు. లారీ బేకర్ 1945లో ఈ దేశం వచ్చింది కుష్ఠు రోగుల మిషన్ తరఫున పాత ఆశ్రమాలను ఆస్పత్రులుగా మార్చడానికే. బర్మింగ్‌హామ్‌లో నేర్చిన ఆర్కిటెక్చర్ ఇక్కడి మట్టికీ రాయికీ చాలక, జనం ఇళ్ళు కట్టుకునే తీరు చూసి మళ్ళీ నేర్చుకున్నాడు. 1934 బీహార్ భూకంపం తరవాత స్విట్జర్లాండ్ నుంచి స్వచ్ఛంద సేవకులతో వచ్చిన పియర్ సెరెసోల్ ఇంజనీరు, అయినా పల్లెలు మళ్ళీ కట్టే పనిలో చెయ్యి వేశాడు.

అయిదో రోజుకి చప్పుడు మారింది. మొదట్లో తడి గుడ్డ ఉతికినట్టు వచ్చేది, ఇప్పుడు కుండ మీద వేలితో తట్టినట్టు ఖణీమంటోంది. చెక్క పడిన చోట గుర్తు పడటం లేదు, తిరిగి చేతిలోకి ఎగురుతోంది. ఆడవాళ్ళు మాటలాపి వింటున్నారు. మేస్త్రీ చెవి మిద్దెకు ఆనించి రెండు చోట్ల తట్టి, మూడో చోట వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఇంకా బరువుగానే పలుకుతోంది. రెండో రోజు ఇటుకలు పగలగొట్టిన కుర్రాడే అక్కడికి జరిగి కూర్చుని, ఎత్తకుండా, కొట్టడం మొదలుపెట్టాడు.

పైన పరవాల్సిన పెంకుబిళ్ళలు మిగిలిపోయాయి. రెండు వారాలకు అంతే కుదిరింది. వాళ్ళ వ్యాను చెన్నై దారి పట్టిన పొద్దున, మేస్త్రీ బిళ్ళల మొదటి వరసను నీళ్ళ తొట్టిలో నానేసుకుంటున్నాడు.