పదిమంది ఉంటేనే పఠనం

పదమూడేళ్లు నిండిన మగవాళ్లు పదిమంది పోగవనిదే యూదుల ప్రార్థనాలయమైన సినగాగ్‌లో తోరా తెరిచి చదవరు. తొమ్మిదిమంది మహాపండితులున్నా పదోవాడి కోసం కాచుక్కూర్చోవాల్సిందే. ఆ పదోవాడికి అక్షరమ్ముక్క రాకపోయినా ఫర్వాలేదు. ఈ కోరానికి మిన్యాన్ అని పేరు. సంస్కరణవాద సినగాగుల్లో ఇప్పుడు ఆడవాళ్లనీ లెక్కలోకి తీసుకుంటున్నారు. ఇంట్లో ఒక్కరే కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. తోరా పఠనం మాత్రం నలుగురిలో జరగాల్సిన పని. ఆ పద్ధతి ఎంత పకడ్బందీగా ఉంటుందంటే, ఒక్కడి వల్ల అయ్యే పని అందులో ఒక్కటీ కనిపించదు.

ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న అయిదు కాండాలే తోరా. పఠనానికి అచ్చు పుస్తకం పనికిరాదు. తినదగిన జంతువు చర్మాన్ని పదును చేసి, దానిమీద లేఖకుడు ఈకకలంతో రాసిన చుట్ట కావాలి. మొత్తం 3,04,805 అక్షరాలు. బాగా వచ్చిన వాక్యమైనా సరే, మూలం చూడకుండా రాయకూడదు. ప్రతి మాటా పైకి పలికి మరీ రాయాలి. పొరపాటు పడితే గీకి దిద్దుకోవచ్చు గానీ దేవుడి నామాన్ని గీకకూడదు. ఒక్క అక్షరం లోపించినా ఆ చుట్ట పఠనానికి పనికిరాదు. చదువుతుండగా అలాంటి లోపం బయటపడితే దాన్ని చుట్టేసి పక్కనపెట్టి మరొకటి తెస్తారు.

చదివేవాడి కష్టం ఇంకా పెద్దది. ఆ చుట్టలో హల్లులే ఉంటాయి. అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు, వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పే చుక్క కూడా ఉండదు. కాబట్టి వారమంతా గుర్తులున్న అచ్చు పుస్తకంలో సాధన చేసి, శనివారం సబ్బాతునాడు ఆ వట్టి అక్షరాల ముందు నిలబడాలి. ఆ రాగం ఇంపు కోసం పెట్టింది కాదు. ఏ మాటను దేనితో కలపాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది అదే. గుర్తులు అన్ని దేశాల యూదులకూ ఒకటే, బాణీలు వేరు. యెమెన్ వాళ్లు పాడినట్టు పోలండ్ వాళ్లు పాడరు.

వేదపాఠం విన్న చెవులకు ఈ పట్టింపు కొత్తగా అనిపించదు. స్వరం తప్పితే అర్థం తప్పుతుందన్న జాగ్రత్త రెండుచోట్లా ఉంది. తేడా అల్లా ఒకటే: ఘనపాఠీకి గ్రంథం చూసి చదవడం చిన్నతనం, తోరా చదువరికి చూడకుండా చదవడం దోషం. ఎంత కంఠస్థమైనా చూపు అక్షరం మీదే ఉండాలి. చర్మాన్ని చేత్తో తాకకూడదు గనక, కొసన చూపుడువేలు చాచిన బుల్లి చెయ్యి ఉన్న వెండిపుల్లతో వరుస వెంట కదులుతారు. పక్కన ఒకరు పుస్తకం చేతబట్టి వింటుంటారు. అర్థం మారేలా తప్పు పలికితే అక్కడికక్కడే అందరిముందూ దిద్దుతారు. చదువరి వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

సబ్బాతునాడు ఏడుగురిని పేరుపేరునా పిలుస్తారు. ముందు తొలి యాజకుడు అహరోను వంశీకుడు, తర్వాత లేవీ గోత్రంవాడు, ఆ తర్వాత మిగతావాళ్లు. ఒకప్పుడు పిలిచినవాళ్లే చదివేవారు. చదవడం రానివాడు సిగ్గుపడకూడదని, అందరి తరఫునా ఒకరే చదివే పద్ధతి వచ్చింది. పిలుపు అందుకున్నవాడు ముందూ వెనకా స్తోత్రం చెబితే చాలు. ఈ సంప్రదాయం మొత్తంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

కొచ్చి యూదులు దీనికి తమదైన హంగు చేర్చారు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లో హాలు నడుమ ఇత్తడి కటకటాల వేదిక ఉంటుంది. అలాంటిదే ఇంకొకటి పైన, ఆడవాళ్లు కూర్చునే చోటికి ఆనుకుని ఉంటుంది. రెండో వేదిక కేరళ సినగాగుల ప్రత్యేకత. సబ్బాతునాడు, పండగల్లో తోరా అక్కడే చదివేవారు. అంటే ఆ గొంతు అందరికంటే దగ్గరగా వినబడేది ఆడవాళ్లకు. వాళ్లకు సొంతంగా మలయాళం పాటలున్నాయి. నోటుపుస్తకాల్లో రాసుకుని తరతరాలుగా పాడుకున్నారు, మగవాళ్లున్నా మానలేదు. ఏడాది పఠనం ముగిసే సింహత్ తోరా పండగకు చుట్టలను బయటికి తెచ్చి సినగాగ్ చుట్టూ ప్రదక్షిణ చేయడం కూడా కొచ్చి ఆచారమే.

ఇంత అందమైన చోట మచ్చ లేకపోలేదు. బానిసత్వం నుంచి విడుదలైనవారి సంతతిని పరదేశి సినగాగ్‌లో చాలాకాలం సమానంగా కూర్చోనివ్వలేదు, తోరా దగ్గరికి పిలవలేదు. ఆ కుటుంబాల్లో పుట్టిన వకీలు ఎ.బి. సాలెం సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేసి, యూదుల గాంధీ అనిపించుకుని, ఆ గోడలు కూల్చాడు. తర్వాత 1950లలో కొచ్చి యూదుల్లో అత్యధికులు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మనుషులను వేరుపెట్టి కూర్చోబెట్టిన ఆ సినగాగ్‌లోనే పదిమంది చాలక, ఊరు చూడటానికి వచ్చిన యూదులతో లెక్క నింపుకోవాల్సి వచ్చింది.

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న తగవు మన దగ్గరా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటాయి. 1990ల తొలినాళ్ల నుంచి వాళ్లకు సొంత సినగాగ్ ఉంది. శనివారం హీబ్రూ, తెలుగు కలిపి ప్రార్థన చేస్తారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మీద 2013లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. వంశం మాట రుజువవుతుందా అన్నది చరిత్రకారులు చూసుకుంటారు. పదిమందికి లోటు లేని ఈ సినగాగ్ జనాన్ని ఇజ్రాయెల్ మాత్రం యూదులుగా గుర్తించలేదు.