నేలవేములో చేదును వేరుచేసే పనితనం

సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో, తార్నాకలో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) ఉంది. 1944లో మొదలై, 1956లో ఆర్‌ఆర్‌ఎల్‌ (రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ)గా, 1989లో ఐఐసీటీగా పేరు మార్చుకున్న ప్రయోగశాల. మొక్కల్లోని మందు పదార్థాల వేట అక్కడ తరాలుగా సాగుతోంది. ఆ వేటలో ఎంత నేర్పు కావాలో మన నేలవేమును చూస్తే తెలుస్తుంది.

ఆకును నీడన ఆరబెట్టి, పొడిచేసి, మిథనాల్‌లో నానబెడతారు. వడగట్టిన పచ్చటి ద్రవాన్ని రోటా అనే, ద్రావకాన్ని ఆవిరిచేసే తిరిగే పరికరం మీద పెట్టి, లోపలి ఒత్తిడి తగ్గించి, గోరువెచ్చని నీటి వేడితోనే మిథనాల్‌ను లాగేస్తారు. ఇక్కడ తొందరపడి వేడి పెంచకూడదు.  మలేరియాకు మందు వెతుకుతూ చైనాలో తు యూయూ, ఎక్కువ వేడికి గుణం పోతోందని గ్రహించి, 1971లో 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌ను వాడారు. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు అలా చేతికొచ్చింది.

తర్వాత కాలమ్, అంటే పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసే దశ. నిలువు గాజుగొట్టంలో సిలికా జెల్ నింపడం చిన్న పని కాదు. మధ్యలో ఒక్క గాలిబుడగ మిగిలినా, పగులు వచ్చినా, విడిపోవాల్సిన పట్టీలు మళ్లీ కలిసిపోతాయి. పైనుంచి ద్రావకం పోస్తూ, కింద దిగేదాన్ని వరుసగా చిన్న గాజుగొట్టాల్లో పట్టుకుంటారు. ఒక్కోదాన్నీ టీఎల్‌సీ (పలుచని పొర పూసిన ప్లేటు మీద విడదీసే పరీక్ష) వేసి చూస్తారు. నేలవేములోని చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ మామూలు యూవీ దీపం కింద సరిగా చిక్కదు. అనిసాల్డిహైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రవం చల్లి ప్లేటును వేడిచేస్తే, ఖాళీగా ఉన్నచోట ఊదారంగు చుక్క తేలుతుంది. నాకు ఈ పనంతటిలో అపురూపంగా తోచేది ఆ క్షణమే. ఆకుపచ్చ రంగును బొగ్గుపొడితో తొలగించి ఆరనిస్తే, అంత నల్లటి చేదు రసంలోంచి రంగులేని పలకల్లాంటి స్ఫటికాలు దిగుతాయి.

అయితే స్వచ్ఛతే గీటురాయి కాదు. ప్రతి విడతా కణాల మీద పరీక్షించి, పనిచేసే భాగాన్నే ముందుకు తీసుకెళ్తారు. విడదీసేకొద్దీ గుణం మాయమైతే, రెండు పదార్థాలు కలిసి పనిచేస్తున్నాయేమోనని మళ్లీ కలిపి చూడాల్సిందే. వేరుచేసిన పదార్థంతోనే పని ఆగదు, దాన్ని మార్చి చూడటమూ ఉంది: హైదరాబాద్‌లోనే డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు ఆండ్రోగ్రాఫోలైడ్‌ను కొంత మార్చి డీఆర్‌ఎఫ్ 3188 తయారుచేసి, రొమ్ము కేన్సర్ కణాల మీద దాని ప్రభావాన్ని 2004లో ప్రచురించారు.