రాత్రి ఎన్నిసార్లు లేచారు?

"ఎట్లుందమ్మా?" అని డాక్టర్ అడగగానే మనలో చాలామంది నోట వచ్చే మాట "మంచిగనే ఉంది సార్". జలుబుకో దగ్గుకో వెళ్లినప్పుడు ఆ మాటతో వచ్చే నష్టమేమీ లేదు. పేగుపూత ఉన్నవాళ్లు అలా అనేస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. పేగుల్లో వాపు, పూత తెచ్చే అల్సరేటివ్ కొలైటిస్, క్రాన్స్ జబ్బులను కలిపి ఐబీడీ అంటారు. ఇవి ఒకసారి వస్తే ఏళ్ల తరబడి వదలవు. తగ్గినట్టే తగ్గి తిరగబెడతాయి. తిరగబెడుతున్న సంగతి అందరికన్నా ముందు తెలిసేది రోగికే. అది డాక్టర్ చెవిన పడేసరికి తరచూ ఆలస్యమైపోతుంది.

హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడలో ఉండే మా వదినకు పెద్దపేగు పూత. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కొడుకు దగ్గర ఫోన్ తీసుకుని, జబ్బు లక్షణాలు నమోదు చేసే యాప్ తెరుస్తుంది. పగలు ఎన్నిసార్లు విరేచనానికి వెళ్లారు? రాత్రి ఎన్నిసార్లు లేచారు? ఆపుకోగలిగారా? రక్తం పడిందా? ఒంట్లో ఎలా ఉంది? ఐదు ప్రశ్నలకు జవాబులు నొక్కి ఫోన్ తిరిగిచ్చేస్తుంది. రెండు నిమిషాల పని.

ఈ ప్రశ్నలు ఫోన్ కోసం పుట్టినవి కావు. రోజుకు ఆరు, అంతకు మించి రక్త విరేచనాలు, వాటికి తోడు జ్వరమో నాడి వేగమో ఉంటే జబ్బు తీవ్రమైనట్టని 1955లోనే ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు కొలత పెట్టారు. 1998లో వచ్చిన, కొలైటిస్ తీవ్రతను కొలిచే సూచిక రాత్రి విరేచనాలను పగటివాటితో కలపకుండా విడిగా లెక్కించింది. దానికి కారణం ఉంది. వాపు లేకుండా పేగు అలజడి మాత్రమే ఉన్నవాళ్లను విరేచనం గాఢనిద్రలోంచి లేపడం అరుదు. వాపెక్కిన పేగు అర్ధరాత్రి కూడా ఊరుకోదు. అందుకే రాత్రి లెక్క అంత ముఖ్యం. మనం డాక్టర్‌కు చెప్పకుండా మింగేసేదీ అదే.

మొన్న చూపించుకోవడానికి వెళ్తే డాక్టర్ గారు ఆ ఫోన్‌లోని పట్టిక చూస్తూ చూస్తూ ఒకచోట ఆగారు. "ఈ వారం ఏమైందమ్మా?" అన్నారు. వదిన కాసేపు తటపటాయించింది. "బోనాలు సార్. ఇంటి నిండా చుట్టాలు. గోళీలు యాదికి లేవు" అంది. వాళ్లది వాటాల ఇల్లు, అందరికీ కలిపి ఒకటే మరుగుదొడ్డి. హాల్లో పడుకున్న చుట్టాలను దాటుకుని రాత్రి మూడుసార్లు వెళ్లొచ్చిన మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. యాప్‌కు చెప్పింది. మందు మానేసిన రోజుల్లోనే రాత్రులు లేచినట్టు తేలడంతో డాక్టర్ కొత్త మందు రాయలేదు. పాతదే సరిగా వేసుకోమన్నారు.

నెదర్లాండ్స్‌లో 909 మంది ఐబీడీ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇలాంటి ఫోన్ పర్యవేక్షణ ఇచ్చారు. ఆ ఫలితాలు 2017లో 'లాన్సెట్'లో వచ్చాయి. ఏడాదిలో ఆ జట్టువాళ్లకు ఓపీకి వెళ్లాల్సిన అవసరమూ, ఆస్పత్రిలో చేరాల్సిన అవసరమూ తగ్గాయి. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి సికింద్రాబాద్ మీదుగా హైటెక్ సిటీ దాకా ఆస్పత్రికి వెళ్లే పేగు రోగికి ఒక్క ప్రయాణం తప్పినా ఎంత ఊరటో! ఆ బోగీల్లో మరుగుదొడ్లు ఉండవు.

ఐబీడీ ఒక్క పట్నం జబ్బేమీ కాదు. హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రికి చెందిన డాక్టర్ రూపా బెనర్జీ బృందం, పేగు జబ్బు లక్షణాలున్న 30 వేల మందికి పైగా రోగులను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించింది. పల్లెల్లోనూ ఐబీడీ ఉందని తేలింది. రోగుల ఆహారం కోసం 'ఐబీడీ న్యూట్రికేర్' అనే యాప్‌ను కూడా ఆ ఆస్పత్రే తెచ్చింది.

అయితే పాతబస్తీలో పనికొచ్చే యాప్ తెలుగులోనూ ఉర్దూలోనూ అడగాలి. చదువు రానివాళ్లకు ప్రశ్నను వినిపించాలి. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉన్నచోట రోగి జవాబులు రోగికే కనబడేలా తాళం ఉండాలి. రక్తం ఎక్కువగా పోతున్నా, జ్వరం తోడైనా యాప్‌తో పని లేదు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు పిల్లల పాత నోటుబుక్కులో ఆ ఐదు జవాబులూ రాసుకున్నా చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ రాతను అవతల ఎవరైనా చదవాలి. లెక్క పెరిగిన రోజే ఫోన్ చేసి "ఏమైందమ్మా" అని అడిగే నర్సు ఒకరుండాలి. యాప్ తయారుచేయించే ప్రతి ఆస్పత్రీ ఆ నర్సు జీతాన్ని కూడా అదే ఖర్చులో రాసుకోవాలి. చదివే మనిషి లేకపోతే, సిగ్గు విడిచి నిజం చెప్పినవాళ్లను మోసం చేసినట్టే.