పులిరాజా ప్రశ్న: పురుషవిచారము

2003 ప్రాంతమున నాంధ్రదేశపు కూడళ్లయందలి ఫలకములమీఁద నొక ప్రశ్న వెలసెను. పులిరాజాకు ఎయిడ్స్ వచ్చునా యని దాని తాత్పర్యము. 2002లో బొంబాయి నగరమున బల్బీర్ పాషా యను కల్పితనామముతో హిందీలో నిట్టి ప్రశ్నయే పుట్టియుండెను. మనది దానికిఁ దమ్ముఁడు. సాహిత్యపత్రికలో గోడప్రకటనను విమర్శించుట యేల యని కొందఱు నొసలు ముడుచుకొనవచ్చును. తెలుఁగువారిలో నింతమంది చదివి చర్చించిన వాక్యము లెన్ని గలవో వారే యోచింతురు గాక.

ఈ వాక్యమునకు గుణము లేకపోలేదు. ఉత్తరము చెప్పక విడిచినందున నది జనుల నోళ్లలో నాడెను. ఇంటఁ బలుకరాని మాట టీకొట్టులందుఁ బలుకఁబడెను. దోషము వ్యాకరణముననే యున్నది. పులిరాజా ప్రథమపురుషము. చదువరి మధ్యమపురుషము. ఆ చదువరికి వ్యాధి లేదని వాక్యము ముందే నిశ్చయించుకొన్నది. రక్తపరీక్షాఫలమును జేతఁ బట్టుకొని యా ఫలకము క్రిందనే నిలిచినవానికి నిందుఁ జోటు లేదు. వాని విషయమున ‘వచ్చునా’ యను క్రియకుఁ గాలము గడచిపోయినది. ఇతరులు జాగ్రత్తపడుటకు వాఁ డొక దృష్టాంతము మాత్రమే.

ప్రభుత్వము మందు నుచితముగా నిచ్చుట 2004 ఏప్రిల్ 1న గాని యారంభము కాలేదు గనుక, నాఁటి రచయితకు భయము తప్ప వేఱు సాధనము లేకుండె నందురేమో. కొంత నిజమే. నేఁ డట్లు కాదు. ప్రతిదినము మందు మ్రింగి, రక్తమునఁ గ్రిమి కానరానంతగాఁ దగ్గినవానివలన దాంపత్యమున నితరులకు వ్యాధి రాదని 2016లోను 2019లోను వెలువడిన పరిశోధనలు స్థాపించినవి. ఈ శుభవార్తను మధ్యమపురుషమునఁ జెప్పవలసినది వానికే కదా!

మన కరపత్రభాష యా దోషమునే పెంచుచున్నది. ‘అంటువ్యాధి’ యందుము, ‘సోకినవారు’ అందుము. అంటు, సోకు, రెండును స్పర్శార్థకములు. రెండవది గాలి సోకుట, దయ్యము సోకుట యను వాడుకల వాసనను గూడఁ దెచ్చుచున్నది. ఈ క్రిమి స్పర్శచే రాదు. కలిసి భుజించుటచేతను, ఒక్క పాత్రతో నీరు త్రాగుటచేతను రాదు. కరపత్రము మూఁడవ పంక్తిలో నీ సత్యమును జెప్పును. మొదటి పంక్తిలోని పదము దానిని ముందే కొట్టివేసియుండును. కోడలికి వేఱుకంచము పెట్టిన యత్త శాస్త్రము నెఱుఁగకపోవచ్చును. పదార్థమును మాత్రము సరిగనే గ్రహించినది. ‘సుఖవ్యాధి’ యను పేరు మఱియు దారుణము. భర్తవలన వ్యాధి వచ్చిన యిల్లాలికిని, తల్లివలన వచ్చిన శిశువునకును ఇందు సుఖ మెక్కడిది?

ఉత్తమపురుషమునఁ బలికిన రచన యొకటి లోకమునఁ గలదు. 1983 జూన్ నెలలో అమెరికాలోని డెన్వర్ నగరమున నీ వ్యాధి గలవారు కొందఱు కూడి ప్రకటన మొకటి వెలువరించిరి. క్రిమికి నేఁటి పేరైనను లేని దినము లవి. తమ్ము బాధితు లనరాదనియు, ఆ పదము పరాజయమును స్ఫురింపఁజేయుననియు, రోగు లనునది యప్పుడప్పుడు మాత్రమే తమకుఁ జెల్లుననియు వారు తెలిపిరి. తమ్ము గూర్చిన నిర్ణయములందుఁ దమకుఁ బాలు గావలె ననిరి. పదవిచారముతో నారంభమై హక్కులతో ముగిసిన రచన యది. నలువదేండ్లు గడచినను మన పత్రికాశీర్షికలు ‘బాధితుఁడు’ను విడువకున్నవి.

మన దేశమున 2017లోఁ జేయఁబడి, 2018 సెప్టెంబరు 10న నమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ‘రక్షణ గల వ్యక్తి’ యను నర్థమిచ్చు పదమును వాడినది. క్రిమి గలవాఁడే కాక, వానితోఁ గలిసి నివసించువారును ఆ పదమునఁ జేరుదురు. ఉద్యోగమున, విద్యయందు, వైద్యమున వివక్ష కూడదని యది విధించుచున్నది. శాసనభాష నీరసమని మనము పరిహసింతుము. ఇచ్చట నది మన కరపత్రకర్తలకంటె దయ గలది.

ఏ.ఆర్.టి. కేంద్రములలో సలహా చెప్పువారు నిత్యమును మధ్యమపురుషముననే మాటాడుదురు. మందు మఱచితిరా, ఇంట నెవరికిఁ జెప్పితిరి, పని కెట్లు పోవుచున్నారు అని యడుగుదురు. కరపత్రము వ్రాయఁబూనినవారు మొదట నచ్చటి బల్లపైఁ గూర్చుండి, యీ మాటలను వినవలెను.