విసురు వల: వేళ్లలో దాగిన బ్రేకు

రంపచోడవరం దగ్గర సీతపల్లి వాగులో విసురు వల వేసే మనిషిని చూసినవాళ్లంతా చెప్పుకునేది ఆ గుండ్రం గురించే. వల నీళ్ల మీద పూర్తిగా విచ్చుకుని, అంచున ఉన్న సీసపు గుళ్లన్నీ ఒక్కసారే పడితే ఎవరికైనా ముచ్చటే. నేను మాత్రం దానికి అర క్షణం ముందు ఆ మనిషి ఎడమ చేతి వంక చూస్తాను. వల ఇంకా గాలిలో ఉండగానే, తాడు వేళ్ల సందునుంచి జారిపోతుండగానే, ఆ వేళ్లు ఒక్కసారి బిగుస్తాయి. వల తల అక్కడ ఆగుతుంది. అంచు గుళ్లు వచ్చిన ఊపుమీద బయటికి పరుగెడతాయి. అప్పుడు తెరుచుకుంటుంది వల. ఆ బిగింపు తొందరపడితే వల కాళ్ల ముందే ముద్దగా కూలుతుంది. ఆలస్యమైతే దూరం పోతుంది గానీ సగం ముడుచుకునే పోతుంది. విసురులో పనితనమంతా ఆ ఆపడంలోనే ఉందని నా వాదన. ఒప్పుకోనివాళ్లు గోదావరి ఒడ్డున చాలామందే ఉన్నారు, వాళ్ల సంగతికి తర్వాత వస్తాను.

సముద్రపు ఒడ్డున నిలబడి గాలం దూరంగా విసిరేవాళ్లదీ ఇదే చిక్కు. వాళ్ల రీలులో దారం చుట్టిన డ్రమ్ము, విసిరిన మరుక్షణం గిర్రున తిరుగుతూ దారం వదులుతుంది. సీసపు గుండు గాలి తగిలి నెమ్మదిస్తుంది. డ్రమ్ము మాత్రం అదే జోరులో తిరుగుతూ, గుండు లాక్కునేదానికన్నా ఎక్కువ దారం కక్కుతుంది. ఇక చిక్కులు విప్పుకుంటూ కూర్చోవడమే. బొటనవేలు ఆనించి ఆపుకోవడం పాత పద్ధతి. తర్వాత డ్రమ్ము పక్కన అయస్కాంతాలు అమర్చడం వచ్చింది. అల్యూమినియం అయస్కాంతానికి అతుక్కోదు, కానీ దాని ఎదుట తిరిగితే లోపల సుడి ప్రవాహాలు పుట్టి ఆ తిరుగుడుకే అడ్డుపడతాయి. 1834లో లెంజ్ చెప్పిన సూత్రమే ఇది. వేగం ఎక్కువైతే అడ్డు ఎక్కువ, వేగం తగ్గితే అడ్డూ తగ్గుతుంది. ఒకదాన్నొకటి తాకవు కాబట్టి అరుగుదల లేదు. మొన్నమొన్నటిదాకా మన ఇళ్లలో ఉన్న పాత కరెంటు మీటరులో తిరిగే అల్యూమినియం బిళ్లను అదుపులో పెట్టింది కూడా ఇలాంటి అయస్కాంతమే.

1980లలో నియోడైమియం అయస్కాంతాలు వచ్చాక, బ్రేకు లేని పాత రీళ్లకు కూడా ఔత్సాహికులు సొంతంగా అమర్చుకోవడం నేర్చారు. పక్క మూత విప్పి, లోపల చిన్న బిళ్లలు జిగురుతో అంటిస్తారు, ఒకదాని ఉత్తర ధ్రువం డ్రమ్ము వైపుంటే పక్కదానికి దక్షిణ ధ్రువం. బిళ్లకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు తగ్గినా బ్రేకు తేడా తెలుస్తుంది. డ్రమ్ము ప్లాస్టిక్‌దైతే ఎన్ని అంటించినా దండగ. కొత్తవాడు ఎక్కువ బిళ్లలతో మొదలుపెట్టి, చెయ్యి కుదిరేకొద్దీ ఒక్కొక్కటీ పీకేస్తాడు. దూరం విసిరే పోటీల్లో బెల్జియంవాడు డానీ మోస్కోప్స్ గుండును 300 గజాలు దాటించాడు, ఆ విసురు ముందు ఎవరైనా టోపీ తీయాల్సిందే. తెలివైన ఏర్పాటు, కాదనను. కానీ అయస్కాంతానికి వేగం ఒక్కటే తెలుసు. మా వాగులో వల వేసేవాడి వేళ్లకు ఎదురుగాలి, వల తడి బరువు, ముందున్న బండ, వంగిన కొమ్మ అన్నీ తెలియాలి.

విసిరే తీరు చెప్పాలి. తాడు చివరి ఉచ్చు ఎడమ మణికట్టుకు తగిలిస్తారు. తాడు చుట్టలుగా అదే అరచేతిలోకి వస్తుంది, దాని మీదే వల పైసగం మడతలుగా చేరుతుంది. అంచులో కొంత భాగం ఎత్తి ఎడమ మోచేతి మీద వేసుకుంటారు. మిగిలినదాన్ని కుడిచేతిలో, గుళ్లు ఒకదాని మీదొకటి పడకుండా పరిచి పట్టుకుంటారు. ఒళ్లు ఎడమవైపు తిరిగి, తిరిగిన చోటునుంచి విడుస్తుంది. ముందు కుడిచెయ్యి వదులుతుంది, మోచేతి మీదిది దానంతటదే జారుతుంది, ఆఖరుకు ఎడమచెయ్యి. నేర్చుకునే కుర్రాడు బలమంతా చేతుల్లో పెడతాడు. వెనకనుంచి తాత అరుస్తాడు: “భుజంతో కాదురా అబ్బాయ్, నడుంతో తిప్పు!” వల తిరుగుతూ పోవాలి. ఆ తిరుగుడే గుళ్లను బయటికి నెడుతుంది.

లెక్క చూడండి. తలనుంచి అంచుదాకా 9 అడుగులున్న వల పూర్తిగా విచ్చుకుంటే 18 అడుగుల వెడల్పు, సుమారు 254 చదరపు అడుగుల నీళ్లు. వెడల్పు సగమే వస్తే కప్పేది పావువంతే. ఒకే వల, ఒకే మడుగు, పక్కపక్కన ఇద్దరు మనుషులు, ఒకడికి నాలుగింతల నీళ్లు. పడ్డాక కూడా పని అయిపోదు. గుళ్లు అడుగు తాకేదాకా ఆగాలి. తర్వాత తాడు మెల్లగా, అంచు నేలను వదలకుండా లాగాలి. అంచు లోపలికి మడిచి కట్టిన సంచుల్లోకి పరిగెలు, జెల్లలు తమంతట తామే దూరతాయి. తొందరపడ్డవాడికి తడిసిన వలే మిగులుతుంది.

ఇప్పుడు గోదావరివాళ్ల సంగతి. తాటిదోనెలో నిలబడి, అది ఒరగకుండా పెద్ద వల విసరడం మాటలు కాదు, నమస్కారమే. కానీ వాళ్లకు చుట్టూ ఖాళీ నీళ్లుంటాయి. మారేడుమిల్లి వైపు పాములేరులో కోయ, కొండరెడ్డి పెద్దలు వేసే విసురు చూడండి. కాలి కింద పాచిపట్టిన బండ, తలమీద కొమ్మ, రెండు రాళ్ల మధ్య నాలుగు బారల మడుగు. అక్కడ గుండ్రం పనికిరాదు, అంచు రాతికి తట్టుకుంటే వల చిరుగుతుంది. ఒక పెద్దాయన వలను కావాలనే కోలగా తెరిచి, రెండు బండల సందులో పడుకోబెట్టడం చూశాను. అడిగితే “వేలు కొంచెం ముందు బిగించాను, అంతే” అన్నాడు. ఆ ‘అంతే’ నేర్చుకోవడానికి ఒక జీవితం పట్టింది. పారే నీళ్లలో వల పడ్డచోట ఉండదు, గుళ్లు అడుగు చేరేలోగా దిగువకు కొట్టుకుపోతుంది. అందుకే మడుగుకు ఎగువన వేస్తారు. ఎంత ఎగువన అన్నది నీళ్ల నురుగు చూసి తేల్చుకుంటారు. ఏ రీలు తయారీదారుడూ ఇంకా అమర్చని బ్రేకు అది.

ఇలాంటి పనివాళ్లు ప్రపంచంలో మరికొన్ని చోట్ల ఉన్నారు. బ్రెజిల్ దక్షిణాన లగూనా ఊళ్లో డాల్ఫిన్లు చేపలను ఒడ్డువైపు తోలుకొస్తాయి. డాల్ఫిన్ ఇచ్చే సైగ చూసి మత్స్యకారులు విసురు వల వేస్తారు. సైగ పడ్డ క్షణానికి వల పడకపోతే ఇద్దరికీ పస్తే. బర్మాలో ఐరావతి నది మీదా ఇలాంటి పొత్తు ఉంది. వల చరిత్రంటారా, తాతల నాటిదంటారు. రోమన్ గ్లాడియేటర్ పోరాటాల్లో వల విసిరే యోధులుండేవారు. సీసం దొరకని రోజుల్లో కాల్చిన మట్టిగుళ్లు కట్టేవారట, నూలు వల కుళ్లకుండా చెట్టుచెక్కల కషాయంలో ముంచేవారట. ఇప్పుడంతా నైలాన్.

దారం నైలాన్ అయినా అల్లిక చేతిదైతే నాకు అభ్యంతరం లేదు. తల దగ్గర కొద్ది కన్నులతో మొదలుపెట్టి, వెదురు బద్ద కొలతగా వరుస వెంట వరుస దిగుతూ, కొన్ని వరుసలకొకసారి అదనపు కన్ను వేస్తూ పోతారు. ఆ పెంపు సమంగా ఉంటేనే వల నలువైపులా ఒకేలా జారుతుంది. ఒక పక్క రెండు కన్నులు తప్పితే, ఎంత గొప్ప చెయ్యి విసిరినా వల ఆ పక్కకే ఒరుగుతుంది. అంచు గుళ్ల మధ్య ఎడం కూడా అంతే, వేలితో కొలిచి బిగిస్తారు.

సంతలో దొరికే రెడీమేడ్ వలలు చూస్తే ఒళ్లు మండుతుంది. పెద్ద వల గుడ్డను త్రికోణాలుగా కత్తిరించి, నాలుగు ముక్కలు కుట్టి, ‘విసురు వల’ అని అమ్ముతున్నారు. కుట్టు ఉన్నచోట కన్ను సాగదు, వల మూలలు తేలి పలకలుగా పడుతుంది. సీసం బదులు సన్నటి ఇనుప గొలుసు. అది దిగేలోగా చేప వెళ్లిపోతుంది, మూడో వానకు తుప్పు. అంతకన్నా ఘోరం ఆన్‌లైన్‌లో వచ్చే రింగు వల. తల దగ్గర ప్లాస్టిక్ చక్రం పెట్టి, ఎవరైనా విసరవచ్చని ప్రకటన. విచ్చుకుంటుంది, నిజమే. ఎక్కడ పడాలో ఆ చక్రానికి తెలియదు. రీలుకు అయస్కాంతం పెట్టుకున్నవాడు నేర్చుకునేకొద్దీ బిళ్లలు తీసేస్తాడు, ఈ రింగు కొన్నవాడికి తీయడానికి ఏమీ ఉండదు, జీవితాంతం కొత్తవాడే.

వలే అక్కర్లేదనేవాళ్లూ తయారయ్యారు. బ్యాటరీ తీగలు వాగులో పెట్టి షాకు కొట్టేవాళ్లు, బ్లీచింగు చల్లేవాళ్లు, తూటాలు పేల్చేవాళ్లు. చేపలు పట్టడానికి పేలుడు పదార్థాలు, విషం వాడకూడదని 1897 మత్స్య చట్టమే నిషేధించింది. నూట పాతికేళ్లు దాటినా వాగు ఒడ్డున ఆ చట్టం ఊసెత్తేవాడు లేడు. ఒక్క దెబ్బకు మడుగులో గుడ్డు, పిల్ల, తల్లి అన్నీ తేలతాయి. మరుసటేడు అక్కడ వల ఎంత గుండ్రంగా పడితే ఏం లాభం?

దేవీపట్నం వైపు పోయింది మరో రకం. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. గోదావరికి అడ్డుకట్ట లేచాక ఆ మండలంలో రేవులు, ఇసుకతిన్నెలు మునిగాయి, ఊళ్లు పునరావాస కాలనీలకు నడిచాయి. నిర్వాసితుల జాబితాలో ఇల్లుంది, పొలముంది, చెట్టుకూ ధర కట్టారు. ఫలానా బండ మీద నిలబడి ఫలానా నెలలో ఎగువకు ఎంత వెయ్యాలో తెలిసిన చేతికి ధర కట్టే కాలమ్ లేదు. కాలనీలో నీళ్లు కుళాయిలో వస్తాయి. వల గోడ మేకుకు వేలాడుతుంది. మనవడు ఫోనులో రింగు వల వీడియో చూస్తాడు.

రంపచోడవరం ఐటీడీఏ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఆశ్రమ పాఠశాలల్లో ఆటల పీరియడు ఉంది, భూపతిపాలెం జలాశయం పక్కనే ఉంది, విసరగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లకు గౌరవ వేతనమిచ్చి, ఒడ్డున పొడినేల మీదే సరే, పిల్లల చేత విసిరించండి. అల్లేవాళ్లకు దారం, సీసం సబ్సిడీ మీద ఇప్పించండి. కొనేవాళ్లకూ ఒక మాట: వల తలను దూలానికి కట్టి వేలాడదీసి అంచు చూడండి. చుట్టూ ఒకే ఎత్తులో నేల తాకుతుంటే, కుట్టు ఎక్కడా కనిపించకపోతే, అడిగినంత ఇచ్చి తెచ్చుకోండి. దాన్ని అల్లినాయన ఊళ్లోనే ఉంటే తాడు ఎప్పుడు బిగించాలో కూడా అడిగి తెలుసుకోండి, దానికి ఆయన డబ్బు తీసుకోడు.