నెత్తిన పెట్టే మోసం

చిట్టీల కంపెనీ బోర్డు తిప్పేసిన మర్నాడు జిల్లా పేజీలో శీర్షిక దాదాపు ఖాయం: ‘ఖాతాదారులకు శఠగోపం’. కాకుంటే ‘కుచ్చుటోపీ’. మోసం అనే పొట్టి మాట చేతిలోనే ఉన్నా డెస్కులో వాళ్లు దాన్ని పక్కకి నెట్టేస్తారు. చోటు కోసం కాదు, రుచి కోసం.

వైష్ణవాలయంలో అర్చకుడు భక్తుల తలకు ఆనించేదే శఠగోపం. చూపుకు చిన్న కిరీటంలా ఉంటుంది, పైన విష్ణుపాదాలుంటాయి. ఆ పేరు వైష్ణవ భక్తకవి నమ్మాళ్వార్‌ది. పుట్టిన బిడ్డకు పూర్వజ్ఞానాన్ని మరిపించే ‘శఠం’ అనే వాయువును ఆయన కోపించి తరిమేశాడని, అందుకే శఠకోపుడయ్యాడని వైష్ణవులు చెప్పుకుంటారు. ఆయనను స్వామి పాదాలుగా భావిస్తారు కనుక పాదుకలకూ ఆ పేరే నిలిచింది. సంస్కృతంలో శఠుడంటే వంచకుడు. తీపి మాటల చాటున మరో స్త్రీతో వ్యవహారం నడిపే నాయకుణ్ణి ఆలంకారికులు శఠుడనే అన్నారు. వంచన మీద కోపించినవాడి పేరే తెలుగులో వంచనకు మారుపేరు కావడం వింతే. ఆళ్వారు వింటే మళ్లీ కోపం తెచ్చుకోవాల్సిందే!

జనం ఈ వ్యుత్పత్తి అంతా తవ్వి తీసి మాటను మలిచారని అనుకోనక్కర్లేదు. గుళ్లో రోజూ కనిపించేది చాలు: పెట్టేది అర్చకుడు, తల వంచేది మనం. పంగనామం అయినా, టోపీ అయినా, చెవిలో పువ్వయినా అంతే. అన్నీ అలంకారాలే, అన్నీ ఎదుటివాడు మనకు పెట్టేవే. దొంగతనానికి ఈ మర్యాద లేదు. అది జేబు కొట్టడం, కన్నం వెయ్యడం.

చట్టం గీసిన గీత కూడా ఇక్కడే ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రకారం, సొత్తు ఎవరి దగ్గరుందో అతని సమ్మతి లేకుండా పట్టుకుపోతే దొంగతనం. నమ్మించి, అతని చేత్తోనే ఇప్పించుకుంటే మోసం. ఆ రెండో నేరానికి ఏడేళ్ల వరకు జైలు వేసే సెక్షన్ 420. ఆ అంకె ఎప్పుడో తిట్టయిపోయింది. రాజ్ కపూర్ 1955లో దానికి ముందు ‘శ్రీ’ తగిలించి సినిమా పేరు చేశాడు. నైజీరియాలో ఇదే పనికి జనం వాడే అంకె 419, అక్కడి చట్టంలోని సెక్షనే. ఒక్కటే తేడా!

2024 జులై 1న ఆ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. మోసం 318వ సెక్షన్‌కు మారింది. కొత్త సంహితలో ఉన్నవే 358 సెక్షన్లు, కాబట్టి 420 అనే నంబరుకు తావే లేదు. అయినా ఎవరూ ఎవరినీ ‘త్రీ ఎయిటీన్‌గాడు’ అని తిట్టడం లేదు. కోర్టులో మాత్రం, ఆ తేదీకి ముందు జరిగిన మోసాలకు ఇప్పటికీ పాత 420 కిందే శిక్ష.